సోషల్ వర్క్ డిగ్రీలో చేరేముందు ఫీల్డ్ వర్క్ సంగతి అడగండి

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ అడ్మిషన్ల రోజులివి. కంప్యూటర్సా, కామర్సా తేలక ఊగిసలాడుతున్న పిల్లలకు మన ఊళ్లలో ఎవరో ఒకరు ‘సోషల్ వర్క్ తీసుకో, లెక్కలుండవు, సులువుగా పాసైపోతావు’ అని చెబుతూనే ఉన్నారు. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ ఆ మాట నమ్మి చేరినవాళ్లలో చాలామంది పట్టా పుచ్చుకున్నాక కూడా, ఒక పెద్దావిడ పింఛను ఎందుకు ఆగిందో కనుక్కోవడం తెలియక తెల్లమొహం వేస్తున్నారు. కోనసీమ, తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఈ సబ్జెక్టు చెబుతున్నవాళ్లం, విద్యార్థుల ఫీల్డ్ వర్క్ (ఊళ్లలో, సంస్థల్లో చేస్తూ నేర్చుకునే పని) చూస్తున్నవాళ్లం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఈ డిగ్రీ విలువంతా ఫీల్డ్ వర్క్‌లోనే ఉంది. అది సక్రమంగా జరిగే కాలేజీలో చేరితే చదువు వంటబడుతుంది. జరగని చోట నోట్సు బట్టీ పట్టడమే మిగులుతుంది.

ముందు పేరు సంగతి. ‘సంఘసేవా? దానికి చదువెందుకు?’ అని తల్లిదండ్రులే అడుగుతారు. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లకు అన్నం పెట్టారు. ఆ చేతికి ఈనాటికీ గోదావరి జిల్లాలు మొక్కుతాయి. సోషల్ వర్క్ దానికి పోటీ కాదు. ఆకలితో వచ్చిన మనిషికి రేషన్ కార్డు ఎందుకు లేదు, పింఛను ఏ బల్ల మీద ఆగింది, కొడుకులు ఎందుకు చూడటం లేదు, ఊళ్లో అలాంటివాళ్లు ఇంకెంతమంది, వాళ్లంతా కలిసి అడగాలంటే ఎవరిని అడగాలి అని వెంటపడి తేల్చే పని ఇది. రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. సాయాన్ని ఒక మనిషి మంచితనానికి వదిలెయ్యకుండా సంస్థగా నిలబెట్టడం ఆవిడ చేసిన పని. మన దేశంలో దీన్ని పాఠంగా చెప్పడం 1936లో బొంబాయిలో మొదలైంది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అప్పటి ఆ బడే.

తరగతిలో ఆరు పద్ధతులు చెబుతారు: కేస్ వర్క్ (ఒక మనిషితో, కుటుంబంతో చేసే పని), గ్రూప్ వర్క్ (చిన్న బృందంతో చేసే పని), కమ్యూనిటీ ఆర్గనైజేషన్ (ఊరిని కూడగట్టడం), సంక్షేమ పాలన, సోషల్ యాక్షన్ (మార్పు కోసం అందరూ కలిసి అడగడం), పరిశోధన. వీటి నిర్వచనాలు రెండు నెలల్లో నేర్చుకోవచ్చు. ఒక ఇంటి గడపలో నిలబడి మొదటి మాట ఎలా మొదలుపెట్టాలో నేర్చుకోవడానికి మాత్రం ఏడాది పడుతుంది. అందుకే ఈ చదువులో వారానికి రెండు రోజులు, ఇంచుమించు పదిహేను గంటలు ఊళ్లోనో, ఆసుపత్రిలోనో, బాలల సంరక్షణ గృహంలోనో గడపాలన్న పద్ధతి పెట్టారు.

ఆ పదిహేను గంటలు ఎలా గడవాలి? మొదటి సెమిస్టర్‌లో ఐదారు పరిచయ సందర్శనలు చాలు. అంగన్‌వాడీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గ్రామ సచివాలయం, వృద్ధాశ్రమం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల భవిత కేంద్రం, న్యాయసేవా సంస్థ కార్యాలయం చూపించాలి. పది పదిహేను మందిని తీసుకెళ్లాలి గానీ, అరవై మందిని ఒక బస్సులో కుక్కి తీసుకెళ్తే గుమ్మంలో గ్రూప్ ఫొటో తప్ప ఏమీ రాదు. తర్వాత ఒక్కో విద్యార్థిని ఒక్కో సంస్థకో, ఊరికో సెమిస్టర్ పొడుగునా కేటాయించాలి. వెళ్లొచ్చిన మర్నాటికే, అక్కడ జరిగింది రాసిన రికార్డు సూపర్‌వైజర్ (ఫీల్డ్ వర్క్ చూసే టీచర్) చేతికి చేరాలి. వారానికోసారి ఆ సూపర్‌వైజర్ విద్యార్థితో విడిగా కనీసం అరగంట కూర్చోవాలి. పదిహేను రోజులకోసారి అందరూ కలిసి మాట్లాడుకోవాలి. లెక్క వేసి చూడండి: ఒక టీచర్ కింద నలభై మంది ఉంటే, మనిషికి అరగంట చొప్పున వారానికి ఇరవై గంటలు దీనికే పోతాయి. మామూలు తరగతులతో పాటు అది ఎవరివల్లా కాదు. ఎనిమిది నుంచి పది మంది దాకా అయితే కుదురుతుంది. ఏడాదికోసారి వారం పది రోజుల గ్రామీణ శిబిరం, చివర్లో నెలకు తగ్గకుండా ఒకే సంస్థలో పూర్తికాలం పని కూడా ఉండాలి.

టైంటేబుల్‌లో ఒక కిటుకు ఉంది, తల్లిదండ్రులు గమనించాలి. ప్రాక్టికల్‌కి క్రెడిట్ ఒక్కింటికి వారానికి రెండు గంటల లెక్క. నాలుగు క్రెడిట్లని సిలబస్‌లో రాసి ఉంటే వారానికి ఎనిమిది గంటలు బయట గడపాలన్నమాట. ఆ ఎనిమిది గంటల్నీ రోజుకు ఒక పీరియడ్ చొప్పున మధ్యాహ్నాలకు ముక్కలు చేసి పెట్టారంటే అక్కడ ఎవరూ ఊళ్లోకి వెళ్లరని అర్థం. అమలాపురం నుంచి బస్సెక్కి, రేవులో దిగి, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద ఏరు దాటి, నది మధ్య ఉండే లంకకు చేరేసరికే ఆ పీరియడ్ అయిపోతుంది. రోజు మొత్తం ఒకేచోట ఇవ్వాలి. ప్రయాణం ఒకవైపు గంటకు మించకూడదు. మించితే ఏడున్నర గంటల పనిలో మూడు గంటలు దారిలోనే కరిగిపోతాయి.

రికార్డు తిరగేస్తే ఆ కాలేజీలో ఫీల్డ్ వర్క్ ఏ పాటిదో ఇట్టే తెలిసిపోతుంది. (విద్యార్థి సాయం చేసే మనిషిని మా చదువులో క్లయింట్ అంటాం.) ‘ఈ రోజు గృహ సందర్శన చేశాను. కౌన్సెలింగ్ ఇచ్చాను. క్లయింట్ సహకరించారు.’ ఇలాంటి మూడు వాక్యాల రికార్డులు కట్టలు కట్టలుగా ఉంటాయి. చదివితే ఏమీ తెలియదు. ఎవరితో, ఎక్కడ కూర్చుని, ఎంతసేపు మాట్లాడారు? ఆ సమయానికి ఇంట్లో ఇంకెవరున్నారు? ఆవిడ ఏమన్నారు, ఆవిడ మాటల్లోనే? ఏ ప్రశ్న దగ్గర మాట ఆగిపోయింది? అప్పుడు విద్యార్థికి ఏమనిపించింది? మళ్లీ ఎప్పుడు వస్తామని చెప్పారు? ఇవన్నీ ఉంటేనే రికార్డు. కాగితాన్ని నిలువుగా మూడు గడులు చేసి, మొదటి గడిలో జరిగిన సంభాషణ, రెండో గడిలో తన మనసులో మెదిలినది రాసి, మూడోది సూపర్‌వైజర్ కోసం ఖాళీగా వదలడం మంచి అలవాటు. గంట మాటలకు నాలుగైదు పేజీలు పడుతుంది. సెమిస్టర్‌కు ఇద్దరు ముగ్గురి కేసులు ఇలా లోతుగా రాస్తే చాలు, పదిమంది అక్కర్లేదు.

రికార్డును తెలుగులో రాయనివ్వాలి. ఇది మేం గట్టిగా చెబుతున్నాం. ‘కోడలు అన్నం పెడతాది గానీ మాటాడదు’ అని ఒక పెద్దావిడ అంటే, దాన్ని ఇంగ్లిష్‌లో ‘క్లయింట్ ఈజ్ నెగ్లెక్టెడ్ బై ఫ్యామిలీ’ అని రాస్తున్నారు. రెండూ ఒకటి కావు. ఆవిడకు అన్నం అందుతోంది, పలకరింపు అందటం లేదు. మొదటి వాక్యం చదివితే విద్యార్థి కోడలితో మాట్లాడాలనుకుంటుంది, రెండోది చదివితే ఆవిడను వృద్ధాశ్రమంలో చేర్పించాలనుకుంటుంది. మాట మారితే చేసే పనే మారిపోతుంది. వైవా (మౌఖిక పరీక్ష) ఇంగ్లిష్‌లో కావాలంటే చివర్లో రెండు పేజీల సారాంశం ఇంగ్లిష్‌లో రాయించుకోవచ్చు.

సెమిస్టర్ చివర్లో నాలుగు రాత్రుల్లో పన్నెండు వారాల రికార్డు రాయడం ఇంకో జబ్బు. తేదీలు చూస్తే దొరికిపోతారు. దీపావళి నాడు అంగన్‌వాడీలో పిల్లలకు ఆటలు ఆడించినట్టు, కాజ్‌వే (ఏటికి అడ్డంగా వేసిన తక్కువ ఎత్తు దారి) మునిగిన వారంలో లంకకు వెళ్లొచ్చినట్టు ఉంటుంది. తప్పు విద్యార్థి ఒక్కరిదే కాదు, వారంవారం అడగని సూపర్‌వైజర్‌ది కూడా.

డెల్టా క్యాలెండర్ తెలియకుండా వేసిన ఫీల్డ్ వర్క్ టైంటేబుల్ పనికిరాదు. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలాక సార్వా (ఖరీఫ్ వరి) నారుమళ్లు, ఆ వెనకే ఊడ్పులు. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చేదీ అప్పుడే. అక్టోబరు, నవంబరుల్లో తుపాను భయం, అది తప్పించుకుంటే కోతలు. ఆ తర్వాత దాళ్వా (రబీ వరి). అది అయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు, శివారు ఊళ్లలో మంచినీళ్ల చెరువు అడుగంటుతుంది. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఊడ్పుల రోజుల్లో ఆడవాళ్లు తెల్లారకముందే చేలోకి వెళ్లిపోతారు. పదిన్నరకు బస్సు దిగిన విద్యార్థికి అరుగుల మీద ముసలివాళ్లు, వీధిలో పిల్లలు తప్ప ఎవరూ కనిపించరు. సాయంత్రం కాలేజీకి తిరిగొచ్చి ‘ప్రజల్లో ఆసక్తి లేదు’ అని రాసేస్తుంది. ఆ రెండు నెలలూ ఫీల్డ్ వేళల్ని మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా మార్చుకుంటే సరిపోతుంది, కాకపోతే వారం గంటలు తగ్గకుండా వెళ్లే రోజులు పెంచుకోవాలి. మత్స్యకారుల ఊళ్లలో మగవాళ్లు పగలు నిదానంగా మాట్లాడటానికి దొరికేది వేట నిషేధంలోనే. గ్రామీణ శిబిరాన్ని సెమిస్టర్ పరీక్షలయ్యాక ఆ రోజుల్లో పెట్టుకోవడం మంచిది.

ఈ క్యాలెండర్‌ను టీచర్ చెప్పడం కన్నా ఊరివాళ్ల చేత వేయించడం మేలు. నేల మీద పన్నెండు గడులు గీసి, నెలకు పది చింతపిక్కలు మించకుండా పెట్టమనాలి: పని ఎక్కువ దొరికే నెలకు ఎన్ని, అప్పు చేసే నెలకు ఎన్ని, జ్వరాల నెలకు, నీళ్లకు కటకట నెలకు ఎన్ని అని. అరగంటలో పేట మొత్తం చుట్టూ చేరుతుంది. ‘ఆ నెల్లో అన్ని పిక్కలేంటే’ అని వాళ్లలో వాళ్లే వాదులాడుకుంటారు. ఆ వాదనను రాసుకోవాలి. చివరి బొమ్మ ఒక్కటే ఫొటో తీసుకొచ్చి రికార్డులో అంటిస్తే సగం సమాచారం ఊళ్లోనే వదిలేసి వచ్చినట్టు.

ఊళ్లో మొదటి వారం ఎక్కడ కూర్చున్నామన్నది కూడా ముఖ్యం. పెద్దరైతు గారి పెరట్లో కొబ్బరి బొండాం తాగి, ఆయన మనిషిని వెంటబెట్టుకుని పేటలోకి వెళ్తే, అక్కడివాళ్లు ఆయన వినాలనుకున్నదే చెబుతారు. విద్యార్థి ఏ ఇంట్లో మంచినీళ్లు తాగింది, ఎవరింట్లో తాగలేదు అన్నది సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. కులం ప్రస్తావన తరగతిలో వస్తే ఇబ్బందిగా కదిలే పిల్లలు ఇక్కడ దాన్ని నేరుగా ఎదుర్కొంటారు. సూపర్‌వైజర్ ఆ వారం తప్పకుండా మాట్లాడాల్సింది దీని గురించే.

ఇంటింటి సర్వే సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఇప్పుడు మన రాష్ట్రంలో ఏ గ్రూపు డిగ్రీ విద్యార్థి అయినా 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యాలి. ఒకరి ఫారం చూసి మరొకరు నింపేసిన ప్రాజెక్టులే ఎక్కువ. ఫారంలోనూ లోపాలున్నాయి. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలుంటే అది రెండు కుటుంబాలు. తలుపు నంబరు లెక్కపెట్టేవాళ్లకు వేరు వండుకుంటున్న వితంతువు కనిపించదు. ‘మీ ఆదాయం ఎంత?’ అని ముక్కుసూటిగా అడిగితే రేషన్ కార్డు పోతుందన్న భయంతో తగ్గించి చెబుతారు. ఏ నెలలో ఎన్ని రోజులు పనికి వెళ్లారు, కూలి ఎంత అని అడిగితే నిజానికి దగ్గరగా వస్తుంది. ‘మీరేం చేస్తారమ్మా?’ అంటే ‘ఇంటి దగ్గరే ఉంటానండి’ అంటారు. అలా అన్న చేతిలోనే నరసాపురం వైపు లేసు అల్లే సూది ఉంటుంది, కోనసీమలో కొబ్బరి పీచు ఉంటుంది, భీమవరం పక్కన రొయ్యల తొక్క తీసే పనికి వెళ్లొచ్చిన పగుళ్లుంటాయి. ‘పని చెయ్యరు’ అని టిక్కు పెట్టుకొచ్చిన సర్వే అబద్ధం.

‘భూమి ఎంత?’ అన్న గడిలో సున్నా రాసిన మనిషి మూడెకరాలు కౌలుకు చేస్తుండవచ్చు. కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని నోటిమాట, బస్తాకు 75 కిలోలు. కాగితం ఉండదు. 2019 నాటి చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కుల కార్డుకు 11 నెలల గడువు, దానికి భూ యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దొరక్కపోతే పంట మునిగినప్పుడు పరిహారం ఎవరి ఖాతాలో పడుతుందో చెప్పక్కర్లేదు. సొంతం, కౌలు అని రెండు వేర్వేరు గడులు పెట్టడం నేర్పితే ఏ గ్రూపు విద్యార్థి ప్రాజెక్టు అయినా పనికొస్తుంది. ఈ శిక్షణ ఇచ్చే బాధ్యతను ఆ కాలేజీలోని సోషల్ వర్క్ విభాగానికే అప్పగించమని ప్రిన్సిపాళ్లను కోరుతున్నాం.

గ్రూప్ వర్క్ అనగానే డ్వాక్రా సమావేశానికి వెళ్లి వెనక కూర్చుని రావడం అనుకుంటున్నారు. డ్వాక్రా సంఘం పొదుపు కోసం ఏర్పడింది, దాని పని అది చేసుకుంటుంది. విద్యార్థి చెయ్యాల్సింది వేరు. ఉదాహరణకు తొమ్మిది, పది తరగతులు చదివే ఎనిమిది నుంచి పన్నెండు మంది ఆడపిల్లలతో వారానికోసారి గంట, ఎనిమిది పది వారాలు. మధ్యలో కొత్తవాళ్లను చేర్చకూడదు. మొదటి రెండు వారాలు ఎవరూ నోరు విప్పరు, మూడు నాలుగు వారాల్లో చిన్న తగవులొస్తాయి. అక్కడే చాలామంది విద్యార్థులు బెదిరిపోయి ఉపన్యాసాలు మొదలుపెడతారు, గ్రూపు చచ్చిపోతుంది. తగవు రావడం గ్రూపు కుదురుకుంటోందనడానికి గుర్తు. ఆ రోజు తక్కువ మాట్లాడి, ఎవరేమన్నారో మళ్లీ వాళ్లకే వినిపించడం విద్యార్థి పని.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ముగింపులో జరుగుతోంది. సెమిస్టర్ పరీక్షల నోటిఫికేషన్ రాగానే విద్యార్థి ఊళ్లో కనిపించడం మానేస్తుంది. నాలుగు నెలలుగా ‘అక్కా’ అని ఎదురొచ్చిన పిల్లలకు ఆ అక్క ఎందుకు రావడం లేదో ఎవరూ చెప్పరు. తల్లి కువైట్‌లో ఉండి అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్ల అయితే, చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లలో ఇంకొకరు చేరినట్టే. మూడు వారాల ముందే ఫలానా తేదీ నా చివరి రోజు అని చెప్పాలి, వారంవారం గుర్తు చెయ్యాలి, మిగిలిన పని ఎవరికి అప్పగిస్తున్నారో ఆ మనిషిని తీసుకెళ్లి పరిచయం చెయ్యాలి. అంగన్‌వాడీ టీచరో, సచివాలయంలో మహిళా పోలీసో, తర్వాతి బ్యాచ్ విద్యార్థో ఎవరో ఒకరుండాలి. మార్కుల పట్టికలో దీనికి ప్రత్యేకంగా మార్కులు పెట్టాలి.

గల్ఫ్ ఇళ్ల మాట వచ్చింది కాబట్టి ఒక పనిముట్టు గురించి. కాగితం మధ్యలో ఇంటికి ఒక వలయం గీసి, చుట్టూ బడి, బ్యాంకు, సచివాలయం, చుట్టాలు, ఏజెంటు, తల్లి ఫోను అని చిన్న వలయాలు గీయాలి. బలమైన సంబంధానికి లావు గీత, బలహీనమైనదానికి చుక్కలు, గొడవ ఉన్నచోట వంకర గీత. డబ్బు వచ్చే గీత లావుగా ఉండి, బడి గీత చుక్కలుగా కనిపిస్తే, బడిలో సంతకం పెట్టే పెద్ద ఎవరో ముందు తేల్చాలని తెలుస్తుంది. వెళ్లబోయే ఆడవాళ్లకు చెప్పాల్సినవి కూడా విద్యార్థికి కంఠతా రావాలి. ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే 30 ఏళ్లు నిండాలి. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే అది మోసం. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడవచ్చు. పాస్‌పోర్టు, వీసా నకళ్లు, యజమాని చిరునామా ఇంటి దగ్గర ఉంచాలి. కష్టం వస్తే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఇంటివాళ్లే ఫిర్యాదు పెట్టవచ్చు.

గోప్యత గురించి పిల్లలకు సగమే నేర్పుతున్నారు. క్లయింట్ చెప్పింది ఎవరికీ చెప్పకూడదని రాస్తారు, దానికి హద్దు ఉందని రాయరు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు తెలపడం తప్పనిసరి, తెలపకపోవడం నేరం. బాధిత పిల్లల పేరు, ఫొటో, బడి బయటపెట్టడం కూడా నేరమే. విద్యార్థి ఏం చెయ్యాలి? ఒంటరిగా ఆ ఇంటికి వెళ్లి నిలదీయకూడదు, పిల్లను పదిసార్లు అడిగి చెప్పించకూడదు. చెప్పిన మాటను చెప్పినట్టు రాసుకుని ఆ రోజే సూపర్‌వైజర్‌కు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు చేరవెయ్యాలి. బాల్య వివాహం నిశ్చయమైందని తెలిసినా అదే దారి. ఆడపిల్లకు 18, మగపిల్లవాడికి 21 నిండాలని 2006 చట్టం చెబుతోంది గానీ, ముహూర్తం రేపనగా విద్యార్థి ఒక్కతే పందిట్లోకి వెళ్తే ప్రమాదం ఆమెకే. చనిపోవాలనుందని ఎవరైనా అంటే ఆ మాటను రహస్యంగా దాచకూడదు. ఇంట్లో నమ్మకమైనవాళ్లకు చెప్పాలి, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వాలి. ‘నువ్వు చెప్పింది నాలోనే ఉంటుంది, కానీ ప్రాణానికి, పిల్లలకు హాని అయితే చెప్పక తప్పదు’ అని మొదటి రోజే చెప్పడం అలవాటు చెయ్యాలి. రికార్డులో అసలు పేర్లు రాయకూడదు. క్లయింట్ ఇంటి ముందు సెల్ఫీ తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టే విద్యార్థిని ఆ వారమే ఫీల్డ్ నుంచి వెనక్కి పిలిపించాలి.

డెల్టాలో భూమి ఖరీదు కాబట్టి ముసలితనంలో రాసిచ్చేసి రోడ్డున పడ్డవాళ్ల కేసులు తరచూ వస్తాయి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల చట్టం కింద ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌కు తెల్లకాగితం మీద వాళ్లే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పోషిస్తానన్న షరతుతో రాయించుకుని మాట తప్పితే ఆ దస్తావేజును రద్దు చేయమని 23వ సెక్షన్ కింద అడగవచ్చు. అందుకే విద్యార్థి ముందు చూడాల్సింది దస్తావేజు నకలులో ఆ షరతు ఉందా లేదా అన్నది. సలహా వృద్ధుల హెల్ప్‌లైన్ 14567లో దొరుకుతుంది.

వరదలప్పుడు కాలేజీలు విద్యార్థులను పులిహోర పొట్లాలు పంచడానికి పంపుతున్నాయి. పంచేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సోషల్ వర్క్ విద్యార్థి చెయ్యాల్సింది వరదకు ముందు, వరద తర్వాత. గోదావరి మీది ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరికకు ముందే కొన్ని లంకలకు కాజ్‌వే మునిగి దారి తెగిపోతుంది. కాబట్టి జూన్‌లోనే ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలతో కూర్చుని ఇంటింటి జాబితా తయారు చెయ్యాలి: నెలలు నిండబోయే గర్భిణులు, వాళ్ల కాన్పు తేదీ, పాలు తాగే పసివాళ్లు, లేచి నడవలేనివాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, టీబీ మందులు వాడేవాళ్లు. ఆధార్, రేషన్ కార్డు, పిల్లల మార్కుల జాబితాలు ప్లాస్టిక్ కవరులో ఒకేచోట పెట్టించాలి. ‘ఎంత చెప్పినా ఇల్లు కదలటం లేదు’ అని అధికారులు విసుక్కునే ఇళ్లలో చాలావాటికి పెరట్లో గేదె ఉంటుంది. గేదెకు మెరక, గడ్డి చూపిస్తే మనుషులు కదులుతారు. ఈ మాట 2022 జూలై వరద చూసిన ఏ లంకవాసిని అడిగినా చెబుతారు.

నీళ్లు తీశాక నష్టం రాసే జాబితాలో కౌలురైతు, వేరు పొయ్యి పెట్టుకున్న ఆడమనిషి, ఊళ్లో ఓటు లేని కూలీ తప్పిపోతారు. ఆ పేర్లు విడిగా రాసి, రుజువులతో సచివాలయంలో ఇచ్చి, రసీదు తీసుకోవడం విద్యార్థి పని. పని అక్కడ ఆగిపోతే సోమవారం కలెక్టరేట్ అర్జీల దగ్గరకు వాళ్లను తీసుకెళ్లాలి. ఒక్క జాగ్రత్త: ‘మీకు సాయం వచ్చేస్తుంది’ అని ఎవరికీ మాట ఇవ్వకూడదు. ఆ సాయం రాకపోతే తర్వాత మూడేళ్లు ఏ బ్యాచ్‌నూ ఆ వీధి నమ్మదు.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాం. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో సోషల్ వర్కర్ పోస్టుకు డిగ్రీలో సోషల్ వర్క్ ఉంటే ప్రాధాన్యం ఉంది, కానీ అవి కాంట్రాక్టు పోస్టులు. స్వచ్ఛంద సంస్థల్లో ఫీల్డ్ సిబ్బందిగా చేరవచ్చు. పైస్థాయి ఉద్యోగాలు చాలావాటికి ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) అడుగుతారు. మానసిక రోగులతో, వాళ్ల కుటుంబాలతో పనిచేసే సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అనిపించుకోవాలంటే 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఎమ్మెస్‌డబ్ల్యూ పైన రెండేళ్ల ఎంఫిల్ కావాలి. లాయర్లకూ నర్సులకూ ఉన్నట్టు ఈ వృత్తి మొత్తానికి ఒక కౌన్సిల్ ఇంకా లేదు. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మెడికల్, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లను మాత్రం తన పరిధిలోకి తీసుకుంది. ఇంకో నిజం కూడా పిల్లలకు ముందే తెలియాలి. ఎమ్మెస్‌డబ్ల్యూలో ఏ డిగ్రీ వాళ్లైనా చేరవచ్చు. కాబట్టి డిగ్రీలోనే సోషల్ వర్క్ చదివినవాళ్లకు మిగతావాళ్ల మీద ఉండే మొగ్గు, ఆ మూడేళ్లలో ఫీల్డ్‌లో గడిపిన గంటలే. ఇంటర్వ్యూలో అడిగేది కూడా ‘నువ్వు చేసిన ఒక కేసు చెప్పు’ అనే. ఉద్యోగం చేసుకుంటూ చదవాలనుకునేవాళ్లకు ఇగ్నో దూరవిద్యలో బీఎస్‌డబ్ల్యూ (పూర్తిగా సోషల్ వర్క్ డిగ్రీ) ఉంది. దానికీ ఫీల్డ్ వర్క్ తప్పదు, సూపర్‌వైజర్‌ను వదలకుండా పట్టుకునే ఓపిక ఉంటేనే చేరాలి.

చేరేముందు కాలేజీలో ఇవి అడగండి. పట్టా మీద బీఎస్‌డబ్ల్యూ అని ఉంటుందా, బీఏలో ఒక సబ్జెక్టా? ఫీల్డ్ వర్క్ ఏ రోజుల్లో, రోజు మొత్తమా? చెప్పేవాళ్లు ఎమ్మెస్‌డబ్ల్యూ చదివినవాళ్లేనా? ఒక్కొక్కరి కింద ఎంతమంది? ఏ ఏ సంస్థలు విద్యార్థులను తీసుకుంటామని రాసిచ్చాయి? పేర్లు తీసేసిన పాత రికార్డు ఒకటి చూపిస్తారా? కొత్త ఊరికి ఆడపిల్లలను మొదటి నెల ఇద్దరిద్దరిగా పంపుతారా? ప్రయాణ ఖర్చు ఎవరిది? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే కాలేజీ చిన్నదైనా సరే, చేరవచ్చు.

జిల్లా అధికారులకు ఒక విన్నపం. మహిళా శిశు సంక్షేమ, వైద్య, పంచాయతీరాజ్ శాఖల్లో విద్యార్థిని తీసుకోవాలంటే ప్రతి సెమిస్టర్‌కూ కొత్తగా అనుమతి ఉత్తరం అడుగుతున్నారు. ఆ ఉత్తరం బల్లలు దాటి వచ్చేసరికి నెల గడిచిపోతోంది, పదహారు వారాల సెమిస్టర్‌లో నాలుగు వారాలు అక్కడే పోతున్నాయి. విద్యా సంవత్సరం మొత్తానికి వర్తించేలా కలెక్టర్ కార్యాలయం నుంచి జూన్‌లోనే ఒక ఉత్తర్వు ఇప్పిస్తే, సార్వా ఊడ్పులు మొదలయ్యేలోపు పిల్లలు ఊళ్లలో ఉంటారు.

ఇట్లు,
సోషల్ వర్క్ అధ్యాపకులు, ఫీల్డ్ వర్క్ సూపర్‌వైజర్లు,
గోదావరి డెల్టా జిల్లాలు